నోరు పండని సున్నం

వజ్రగోపుర నగరాన్ని వర్ణించాలంటే వేయి నాలుకల ఆదిశేషుడే దిగి రావాలి. మబ్బులను ఒరుసుకునే మేడలు, మేడల మీద నెమళ్ళు, నెమళ్ళ మెడల్లో ముత్యాలు, ఆ ముత్యాల కోసం గోడలెక్కే దొంగలు, ఆ దొంగలకు సైతం పట్టు తలపాగాలు! నడివీధిలో పన్నీటి కాలువ, కాలువ గట్టున సంపెంగ తోట, తోటలో చిలకలు, చిలకల నోట రాజుగారి బిరుదులు. ఇంత వర్ణించాక ఆదిశేషుడికి నోరు చప్పబడి ఒక తాంబూలం అడిగాడే అనుకోండి, అక్కడొస్తుంది చిక్కు. ఆ వేయి నాలుకల్లో ఒక్కటి కూడా ఎర్రబడదు. ఎందుకంటే ఆ నగరంలోనే కాదు, చిత్రకంధర రాజ్యం మొత్తం మీద ప్రజల దగ్గర చిటికెడు సున్నం లేదు.

దీనికంతటికీ కారణం గవ్వలకొండ మీద కాపురమున్న తాంబూలభైరవుడనే మాంత్రికుడు. అతని మంత్రశక్తి అంతా నోటి ఎరుపులో ఉంది. నోరు పండితే మంత్రం పండుతుంది, నోరు వెలిసిపోతే మంత్రం వెలిసిపోతుంది. నాలుగు నెలల కిందట అతగాడు కొండకొమ్మున నిలబడి, నోటి నిండా తాంబూలం నమిలి, రాజ్యం వైపు తిరిగి ఒక్క ఉమ్ము ఉమ్మాడు. ఆనాటి నుంచి ఏ బట్టీలో సున్నపురాయి వేసి కాల్చినా పొగ వస్తోంది కాని సున్నం రావడం లేదు. కావాలంటే తానే ఇస్తానన్నాడు. వెల మాత్రం మీసం. పుట్టిన నాటి నుంచి పైపెదవి మీద వెంట్రుక మొలవని దౌర్భాగ్యుడు కనుక, రాజుగారి ఒక్కో వైపు మీసానికి ఒక్కో బండి సున్నం అన్నాడు.

మహారాజు ఉద్దండభూపతి ఎడమ మీసం ఇచ్చేశాడు. బండెడు సున్నం వచ్చింది. దాన్ని తన తాంబూలానికి కూడా చిటికెడు తీయకుండా ఏడు తాళాల కొట్లో పెట్టించి, అప్పటి నుంచి ముఖానికి ఎడమవైపు నెమలిపింఛాల విసనకర్ర అడ్డం పెట్టుకుని రాజ్యం ఏలుతున్నాడు. ఎడమవైపు నుంచి వచ్చే ఫిర్యాదులు ఆయనకు సరిగా కనబడడం లేదు.

ఇది ఇలా ఉండగా అసలు ఆపద నది రూపంలో వచ్చింది. ఊరికి ఎగువన ఘూర్ణికా నది మీద ఉన్న ఆనకట్టకు పోయిన ఏడు గండి పడింది, రేపు మాపు అంటుండగానే సున్నం మాయమైంది. గండి పూడ్చాలంటే అయిదు బళ్ళ సున్నం కావాలి. ఉన్నది ఒక బండి. మిగిలింది కుడి మీసం. నాలుగో నాటి ఉదయానికి వరద వచ్చి పడుతుందని ఎగువ కొండల మీది నగారాలు మోగాయి. ఆ వరద ముందుగా తుడిచిపెట్టేది ఆనకట్ట కింద నలభై ఇళ్ళున్న కుండలపాలేన్ని.

సరిగ్గా ఆ రోజున నిండు సభలోకి ఒక గాడిద నడిచి వచ్చింది. దాని వెనకాల ఇద్దరు మనుషులు వచ్చారు.

ఒకడు ఓబులేసు, తాపీ పనివాడు. పాతికేళ్ళ వాడు. వాడు చెయ్యి వేస్తే గోడ నిట్టనిలువుగా లేస్తుంది, నోరు తెరిస్తే మాట వంకరపోతుంది. పైగా ఎవరైనా గట్టిగా అరిస్తే చాలు, ఉన్నచోటి నుంచి జానెడు ఎగిరిపడే రకం. రెండో మనిషి సుంకులమ్మ, కుండలపాలెం కుమ్మరి. కుండలు కాల్చుకునే ఆమె ఆవాన్ని ఘూర్ణిక రెండుసార్లు మింగింది. మూడోది కట్టుకుంది. దాన్ని కూడా నదికి ఇచ్చుకునే ఓపిక ఆమెకు లేదు.

సుంకులమ్మ గాడిద మీది సంచి విప్పి తెల్లటి పొడి కుప్పగా పోసింది.

"హంసలమడుగు ఎండినాక అడుగున దొరికే మన్ను సామీ ఇది. తవ్వినప్పుడు బూడిద రంగు, చేపల కంపు. బెండు కంటే తేలిక, గడ్డ తీసి నీళ్ళలో ఏస్తే తేల్తాది. ఆవంలో సన్నమంట మీద ఒక పూట కాలిస్తే కంపు పోయి బాతుగుడ్డు మాదిరి తెల్లగైతాది. మంట ఎక్కువైతే గాజు మాదిరి గణగణమంటాది, ఇంక దేనికీ పనికిరాదు. సరింగా కాలిన పొడితో నా పాత ఆవం అడుగు పూడ్చినా. రెండేండ్లయింది, చుక్క నీళ్ళు దిగలేదు."

మంత్రి సూక్ష్మబుద్ధి కళ్ళు చికిలించాడు. "ఏమిటిది? సున్నమా?"

"సున్నమే సామీ," అన్నాడు ఓబులేసు. వెంటనే తడబడి, "అంటే సున్నం గాదు. సున్నం చేసే పని చేస్తాది. సున్నం మాదిరి, సున్నం లేకుండా..." అంటూ వాడు ఏదో చెబుతూనే ఉన్నాడు.

రాజుగారికి మొదటి మాట ఒక్కటే వినబడింది. నాలుగు నెలలుగా ఉత్త ఆకు నమిలి నమిలి మేకలాగా అయిపోయిన మహాప్రభువు ఆయన. సింహాసనం మీద నుంచి దూకినంత పని చేశాడు. "తాంబూలం! ఎవరక్కడ? లేత ఆకులు! వక్కలు! కాచు!"

"చిత్తం మహాప్రభూ," అన్నాడు మంత్రి. "పరీక్ష కూడా అయినట్టుంటుంది. నోరు పండించేదే సున్నం, పండించనిది సున్నం కాదు. మన పూర్వులు ఇన్ని కోటలు కట్టింది ఈ పరీక్ష మీదనే."

ఏనాడో ఎవరో తాతగారు పెట్టిన పరీక్ష అది. గోడ కట్టే సరుకును నోట్లో వేసుకుని తేల్చడమేమిటని ఆ రాజ్యంలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

రాజుగారు ఆకుకు ఆ పొడి దట్టంగా పట్టించి, వక్క జోడించి, కళ్ళు మూసుకుని నమిలాడు. నమిలి నమిలి, అద్దం తెప్పించి, నాలుక చాపి చూసుకున్నాడు. నాలుక అప్పడాల పిండి అద్దినట్టు తెల్లగా ఉంది.

"మోసం!" అని గర్జించాడు రాజు. ఓబులేసు జానెడు ఎగిరిపడ్డాడు. "సున్నమని చెప్పి రాజు నోట మన్ను కొట్టిన వీడికి సగం గుండు గీయించి, సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించండి!"

శిక్ష బాగానే ఉంది. అమలు దగ్గర ఇబ్బంది వచ్చింది. శాస్త్రప్రకారం ఇరవై ఒక్క బొట్టు పెట్టాలి. ఊళ్ళో సున్నం లేదు. మంత్రి తలగోక్కుని ఏడు తాళాలు తీయించి, వెండి గరిటెతో ఒకే ఒక గరిటెడు సున్నం కొలిచి ఇచ్చాడు. అది నాలుగు బొట్లకు మించి రాదని మంగలి ఏడుపుముఖం పెట్టాడు.

"చాలకపోతే వాడి మన్నే కలిపి పెట్టరా! వాడి పాపం వాడి నెత్తినే పడుతుంది," అన్నాడు సూక్ష్మబుద్ధి. గరిటెడు సున్నానికి నాలుగు గరిటెల మన్ను కలిపి, నీళ్ళు పోసి, ముద్ద చేసి, ఇరవై ఒక్క బొట్టూ పెట్టారు. మంత్రి తన జన్మలో చేసిన మంచిపని అదొక్కటే. అది కూడా తెలియక చేశాడు.

ఊరేగింపు నగరం దాటి నది ఒడ్డుకు చేరింది. ఓబులేసు ఎక్కింది సుంకులమ్మ గాడిదనే. బెండులాంటి మన్ను బస్తాలు మోసి మోసి సుకుమారానికి అలవాటు పడిన గాడిద అది. నిండు మనిషి మీద కూర్చునేసరికి దానికి పరువు పోయినట్టనిపించింది. రేవు దగ్గర నడుం విదిలించి వాణ్ణి నీళ్ళలోకి విసిరేసి, తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. భటులు కాసేపు నవ్వి, వాళ్ళూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

సగం గుండుతో గట్టెక్కడానికి ఓబులేసుకు సిగ్గేసింది. రెల్లు దుబ్బుల మధ్య పీకల లోతున దాక్కున్నాడు. ఒడ్డున అలికిడి అయినప్పుడల్లా బుడుంగున మునిగాడు. అలా మునుగుతూ తేలుతూ ఆ పగలంతా గడిపేశాడు. పొద్దు వాలే వేళకు సుంకులమ్మ వచ్చి జుట్టున్న సగం పట్టుకుని వాణ్ణి బయటికి లాగింది.

"ఎంతసేపు మునుగుతావప్పా, నువ్వేమన్నా ఎనుమువా? రా, ఆ బొట్లు కడుగుతా."

ఆమె నీళ్ళు పోసి రుద్దింది. బొట్లు పోలేదు. కొబ్బరిపీచు పెట్టి తోమింది. పోలేదు. ఇసుకతో తోమితే గుండు ఎర్రబడింది కాని బొట్లు చెక్కుచెదరలేదు. ఆమెకు పంతం వచ్చింది. తాను వెంట తెచ్చిన ఓబులేసు పనిసంచిలోంచి ఉలి తీసి, ఒక బొట్టు అంచున ఆనించి, చిన్న రాయితో టక్కున కొట్టింది.

ఉలి మొన విరిగి నదిలో పడింది.

సుంకులమ్మ చేతిలోని రాయి కింద పెట్టేసింది.

"సుంకులూ," అన్నాడు ఓబులేసు నెమ్మదిగా. "ఉత్త సున్నం నీళ్ళలో ఆరదు. మొదటి మునక్కే కరిగిపోవల్ల. నేను పగలంతా నీళ్ళలో ఉండా."

"ఉత్త మన్నైనా కొట్టుకపోవల్ల కదా."

"మంగలి ఏం కలిపినాడు?"

"ఒక గరిటె సున్నం, నాలుగు గరిటెలు మన్ను." సుంకులమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "నా పాత ఆవంలో అడుగున మా జేజి కాలం నాటి సున్నపు గచ్చు ఉండె. అందుకే పట్టింది. మన్నొక్కటే చాలదప్పా, దానికి రవ్వంత సున్నం తోడు గావల్ల! ఒక బండి సున్నానికి నాలుగు బండ్ల మన్ను. అయిదు బండ్లు!"

ఓబులేసు తన గుండు తడుముకున్నాడు. తల మీద పుట్టిన జ్ఞానాన్ని వేళ్ళతో లెక్కపెట్టుకున్న మనిషి లోకంలో వాడొక్కడే అయి ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ సభకు వెళ్ళారు. ఓబులేసు మాట్లాడబోయాడు. సుంకులమ్మ వాడి నోరు మూసి, వాడి తల వంచి రాజుగారి ముందు పెట్టింది. జరిగింది తనే చెప్పింది. రాజు నమ్మక, రాజదండంతో ఒక బొట్టు మీద టంగున మోదాడు. దండం చివరి కెంపు ఊడి దొర్లిపోయింది.

"ఇది తలా, కోటగోడా?" అన్నాడు రాజు ఆశ్చర్యంగా.

"రెండూ సామీ," అన్నాడు ఓబులేసు కళ్ళ నీళ్ళతో.

మంత్రి ముందుకొచ్చాడు. "కాని మహాప్రభూ, పరీక్షలో నోరు పండలేదు గదా!"

"నోరు పండకపోతేనేమయ్యా, వీడి తల పండింది!" అన్నాడు రాజు. "తాళాలు తీయించు!"

ఇక చూడాలి ఆ రెండు రోజుల సందడి! హంసలమడుగు నుంచి గాడిదలు బారులు తీరాయి. కుండలపాలెంలోని ప్రతి ఆవమూ సన్నమంట మీద కాగింది. సుంకులమ్మ ఆవం నుంచి ఆవానికి పరుగులు పెట్టి, మంట ఎగదోసినవాణ్ణల్లా తిట్టింది. "గాజులు పోస్తాండావా రా? దించు మంట!" కాలిన మన్నునూ సున్నాన్నీ ఎద్దు గానుగలో వేసి, బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి వెన్నలాగా నూరారు. ఓబులేసు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి రాయి మీద రాయి పేర్చి, సందుసందునా ఆ ముద్ద కూరాడు. వాడి సగం గుండు చూసి నవ్వుదామనుకున్నవాళ్ళు కూడా తట్టలు అందించడంలో పడి నవ్వడం మరిచారు. మూడో నాటి సాయంత్రానికి గండి పూడింది. మొదటి బట్టీ పొడి గుప్పెడు మిగిలితే సుంకులమ్మ కొంగున ముడివేసుకుంది.

నాలుగో నాటి ఉదయం వరద వచ్చింది. దానితోపాటే గీతల బువ్వ వచ్చింది.

గీతల బువ్వ అంటే ఆ రాజ్యపు ఆచారం. ఆనకట్ట లోపలి వైపు కింద నుంచి పైకి ఏడు గీతలు గీస్తారు. కట్టిన మేస్త్రీ కట్ట కింద, పొడి వైపున, విస్తరి ముందు కూర్చుంటాడు. లోపల నీరు ఒక్కో గీతను తాకినప్పుడల్లా పైన నగారా మోగుతుంది, మేస్త్రీ ఒక్కో ముద్ద తింటాడు. ఏడో ముద్ద తినే లోపల భయపడి లేచాడో, కట్టినవాడికే నమ్మకం లేదని తీర్పు. అప్పుడు రాజు స్వహస్తాలతో గునపం వేసి, నీరు ఇంకా పెరగక ముందే కట్ట తెంపించాలి. తెంపితే ఆ నీళ్ళు పోయేది కుండలపాలెం మీదికే.

ఓబులేసు వచ్చి నిలబడ్డాడు. వాడికి భయంగానే ఉంది. కట్ట మీద నమ్మకముంది కాని, తన కాళ్ళ మీద లేదు. ఎవరైనా అరిస్తే లేచిపోతాయవి. వడ్డించడానికి పక్కన సుంకులమ్మ ఉంది. కట్ట మీద రాజు విసనకర్రతో, మంత్రి గునపంతో సిద్ధంగా ఉన్నారు.

అంతలో కర్ర పొడుచుకుంటూ ఒక ముసలవ్వ వచ్చింది. ముక్కు దాకా ముసుగు, ఆ ముసుగు అంచు పైపెదవి మీదికి లాక్కుని పట్టుకుంది. చంకలో తాంబూలపు పెట్టె, భుజాన ఒక సంచి ఉన్నాయి.

"నాయనా, తడి నేల మీద కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఈ చాప వేసుకో," అంటూ ఒక పెద్ద పచ్చటి చాప పరిచింది. ఈనెలు తేలి నిగనిగలాడుతున్న ఆ చాప తమలపాకు వాసన వేస్తోంది. ఓబులేసు దండం పెట్టి దాని మీద కూర్చున్నాడు. సుంకులమ్మ విస్తరి వేసి పక్కన కూర్చుంది. అవ్వ ఒక అంచున చతికిలబడింది.

ధాం! మొదటి గీత. పప్పన్నం ముద్ద లోపలికి పోయింది.

ధాం! రెండో గీత. పులుసన్నం.

"నాయనా," అంది అవ్వ, "గోడలో ఏదో పటపటమంటున్నట్టు లేదూ?"

"అవి నా పండ్లు అవ్వా," అన్నాడు ఓబులేసు వణుకుతూ. లేవలేదు.

ధాం! మూడో గీత. అవ్వ సంచిలోంచి ఎర్రచీమలు బారుగా బయల్దేరి ఓబులేసు కాళ్ళెక్కాయి. వాడు మెలికలు తిరిగాడు, వాడు పాడిన రాగం ఏ శాస్త్రంలోనూ లేదు, కాని లేవలేదు. నాలుగో గీత. అయిదో గీత. విస్తరిలో టప్పున ఒక చుక్క పడింది. గండి కారుతోందేమోనని సుంకులమ్మ చటుక్కున తలెత్తింది. చూస్తే అది వాడి ముక్కు మీది చెమట.

ధాం! ఆరో గీత.

అవ్వ విసుగ్గా పళ్ళు కొరికి తాంబూలపు పెట్టె తెరిచింది. ఆ పళ్ళు కొరకడంలో సుంకులమ్మకు అవ్వ నోరు కనబడింది. ఎర్రగా, మోదుగుపువ్వులాగా, పండిన నోరు!

నాలుగు నెలలుగా మహారాజు నోరే తెల్లబోయి ఉంటే, ఈ అవ్వకు సున్నం ఎక్కడిది? రాజ్యంలో పండిన నోరు ఒక్కటే ఉంది, అది గవ్వలకొండ మీద ఉండాలి. మేస్త్రీ లేచి కట్ట తెగితే ఆ కొండవాడికి కుడి మీసం కూడా గిట్టుతుంది. అరిస్తే భటులు వస్తారు. కాని అరిస్తే ముందుగా ఓబులేసు లేస్తాడు. వాడు లేస్తే కుండలపాలెం లేదు. ఆమె అరవలేదు. ముఖాన నవ్వు పులుముకుని చెయ్యి చాపింది.

"అవ్వా, నీ చేతులు వణుకుతాండాయి. నేను చుట్టిస్తా, ఇట్లా తే."

ఎన్నేళ్ళుగానో తనకు తానే చుట్టుకుంటున్న తాంబూలభైరవుడికి, అవును, అవ్వ అతగాడే, ఒక ఆడమనిషి ఆకు చుట్టి ఇస్తానంటే మనసు కరిగింది. పెట్టె అందించాడు. సుంకులమ్మ సున్నపుకాయ వైపు చూడనైనా చూడలేదు. కొంగు ముడి విప్పి, కాల్చిన మన్ను ఆకుకు మెత్తింది.

మాంత్రికుడు నమిలాడు. "ఎరుపు రావడం లేదే. ఇంకాస్త సున్నం వెయ్యి."

"అయ్యో, దానికేం భాగ్యం అవ్వా!" ఇంకో ఆకు, ఇంకో చిటికెడు.

"ఇంకాస్త!"

సుంకులమ్మ మిగిలిన గుప్పెడూ పెట్టేసింది. పాఠకులు ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అరవై ఏళ్ళుగా సున్నం మెక్కిన నోరది. దవడల్లో, చిగుళ్ళలో, పళ్ళ సందుల్లో పాత సున్నం పేరుకుని ఉంది. దానికి నాలుగింతల కాల్చిన మన్ను కలిసింది. నీళ్ళ సంగతి నోరే చూసుకుంది.

అప్పుడు కొండగాలి విసురుగా వీచి అవ్వ ముసుగు ఎగరగొట్టింది. పైపెదవికి ఎడమవైపున జిగురు పెట్టి అతికించిన గుబురు మీసం, కొసలు మెలితిప్పి, సంపెంగ నూనెతో మెరుస్తూ బయటపడింది.

కట్ట మీద రాజు విసనకర్ర జారవిడిచాడు. "నా మీసం! అది నా మీసమయ్యా!"

ముసలవ్వ ఒక్క ఉదుటున పెరిగింది. తాటిచెట్టంత ఎత్తు, చింతనిప్పుల్లాంటి కళ్ళు, మెడలో పోకల దండ, చెవులకు అడకత్తెర కుండలాలు, నడుముకు వక్కపొడి సంచుల మొలతాడు! తాంబూలభైరవుడు పచ్చ చాప మీద నిలబడి వికటాట్టహాసం చేశాడు. అది చాప కాదు, అతగాడు ఆకాశంలో తిరిగే మాయ తమలపాకు. "లే" అంటే లేస్తుంది, "తిరగబడు" అంటే తిరగబడుతుంది, "దిగు" అంటే దిగుతుంది. పండిన నోటి మాట మాత్రమే వింటుంది. పొద్దుటి కిళ్ళీ ఎరుపు నాలుక చివర ఇంకా రవ్వంత మిగిలి ఉంది.

"లే!" అని గర్జించాడు మాంత్రికుడు.

ఆకు లేచింది. ఓబులేసు, విస్తరి, సుంకులమ్మ, పెరుగు ముంత అన్నీ గాలిలోకి లేచాయి. వాళ్ళను కింద కుమ్మరించడానికి మాంత్రికుడు రెండో మాట ఎత్తుకున్నాడు.

"తి... తి... మ్... మ్మ్!"

దవడలు బిగుసుకున్నాయి. రెండు చేతులతో గడ్డం పట్టుకుని లాగాడు. రాలేదు. నెత్తిన కొట్టుకున్నాడు. రాలేదు. తిరగబడాల్సిన ఆకు తిరగబడలేదు కాని, దిగమనేవాడు లేక పైకిపైకి పోతూనే ఉంది.

కింద సూక్ష్మబుద్ధి ఎగిరి గంతేశాడు. "లేచాడు మహాప్రభూ! ఏడో ముద్ద తినకుండానే మేస్త్రీ లేచాడు! ఆచారం ఆచారమే. గునపం అందుకోండి!"

రాజు ముఖం నల్లబడింది. అయినా ఆచారానికి కట్టుబడిన రాజు గనుక గునపం రెండు చేతులా ఎత్తాడు. ఆ గునపం కింద పూడ్చిన గండి ఉంది, గండి కింద కుండలపాలెం ఉంది. పై నుంచి సుంకులమ్మకు తన ఆవం గవ్వంత కనబడింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఓబులేసు ఆవేశంగా దూకబోయాడు. సుంకులమ్మ వాడి తొడ మీద మోకాలు వేసి అదిమింది. "లేస్తే చంపుతా! కూచో! కూచోనే చెప్పు!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓబులేసు నోట మాట వంకరపోకుండా వచ్చింది.

"మహారాజా! నేను లేయలేదు! నేల లేచింది! నేను కూచోనే ఉండా! విస్తరి ముందరే ఉండా! సూడండి!"

రాజు గునపం ఎత్తి పట్టుకునే మెడ పైకెత్తి చూశాడు. ఆకాశంలో, మబ్బుకు జానెడు కిందుగా, ఇరవై ఒక్క తెల్లబొట్ల సగం గుండు ఒకటి మఠం వేసుకుని కూర్చుని ఉంది. దాని ముందు విస్తరి ఉంది. విస్తరిలో పెరుగన్నం ఉంది.

"కూర్చునే ఉన్నాడు కదయ్యా!" అన్నాడు రాజు మంత్రితో.

"చిత్తం, కాని లేచి... లేచి కూర్చుని..." అని సూక్ష్మబుద్ధి నీళ్ళు నమిలాడు. ఆయన మాట కూడా వంకరపోవడం అదే మొదలు.

ధాం! ఏడో గీత.

ఓబులేసు చివరి ముద్ద రెండు లోకాలూ చూసేటట్టు పైకెత్తి నోట్లో పెట్టుకున్నాడు. రాజు గునపం నదిలోకి విసిరేశాడు. నిండిన ఘూర్ణిక కట్టను ఒకసారి తోసి, రెండోసారి తోసి, మూడోసారి అలిగి తూముల దారి పట్టింది. పూడ్చిన గండి దగ్గర చెమ్మ కూడా కనబడలేదు. కుండలపాలెంలో నలభై పైకప్పుల మీదా నలభై వంటపొగలు లేస్తున్నాయి. సుంకులమ్మ కొంగుతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది. ఓబులేసు ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చెయ్యి ఆమె భుజం మీద వెయ్యాలా వద్దా అని తేల్చుకోలేక, చివరికి వేశాడు.

ఆకు మబ్బు దాటింది. ఎదురుగా గవ్వలకొండ, దాని కొమ్మున మాంత్రికుడి ఎముకల కోట, కోట బురుజుల మీద రెక్కలు విదిలిస్తున్న కాపలా గద్దలు కనబడ్డాయి. పై గాలికి కొట్టుకుని ఆకు సూటిగా అటే పోతోంది. తాంబూలభైరవుడు ఆ గద్దలను చూసి వీళ్ళకంటే ఎక్కువగా వణికిపోతూ, నోటికేసి చూపించి, రెండు చేతులూ జోడించాడు. గుర్తుమాట చెప్పకుండా వచ్చేవాళ్ళను అవి యజమాని అని కూడా చూడవు కాబోలు.

"మ్మ్! మ్మ్మ్మ్!"

"వీని నోరు తెరిస్తేనే గదా 'దిగు' అనేది," అన్నాడు ఓబులేసు, చేతులు దులుపుకుంటూ. "రవ్వంత ఎరుపు యాడన్నా మిగిలుంటాది. సుంకులూ, ఆ ఉలి ఇట్లా ఇయ్యి."

సుంకులమ్మ వాడి తలకేసి చూసింది.

"ఉలి యాడుందప్పా? నీ నెత్తి మీదనే గదా విరిగింది!"